సింకు కింది యంత్రం: వాడే తీరు, కాపాడుకునే తీరు

(సంఘ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు పిల్లల చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి, వైద్య సహాయం గురించి చక్కగా చెప్పారు. వాటి పక్కన మాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. వంటింటి సింకు కింద బిగించి ఉండే, మిగిలిపోయిన తిండిని నలిపి నీళ్లతో పంపించే ఒక యంత్రం గురించి చెప్పమన్నారు. ఇదీ ఒక విషయమేనా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కాని ఒక్క మాట. ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో అమెరికాలో కొడుకో, కూతురో, తమ్ముడో, మేనల్లుడో లేని ఇళ్లు ఎన్ని? ఒకరు చికాగో అంటారు, ఒకరు డాలస్ అంటారు, ఇంకొకరు న్యూజెర్సీ అంటారు. కాన్పులకని, మనవల్ని చూసుకోవాలని ఎంతోమంది తల్లిదండ్రులు మూడు నెలలకు, ఆరు నెలలకు అక్కడికి వెళ్లి వస్తున్నారు.

వెళ్లేముందు వీసా సంగతి చెబుతాం. ఇన్సూరెన్సు సంగతి చెబుతాం. సూట్‌కేసులో పచ్చడి సీసా ఎలా కట్టాలో కూడా చెబుతాం. వంటింట్లో ఇలాంటి యంత్రం ఒకటి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లలకు అది అలవాటైపోయింది కనుక చెప్పాలని తోచదు. పెద్దలకు అది ఉన్నదనే తెలియదు కనుక అడగాలని తోచదు. చివరకు నిండిపోయిన సింకు ముందు అత్తాకోడళ్లు మాటలేకుండా నిలబడవలసి వస్తుంది. ఒక్కోసారి చేతివేళ్లకే ప్రమాదం వస్తుంది. అందుకనే విషయం చిన్నదైనా వినదగినదని మా మనవి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. ఈ యంత్రం చెత్తబుట్ట కాదు. పళ్లెం దులిపిన తరువాత ఇంకా అంటుకొని ఉన్న నాలుగు మెతుకులకోసం చేసిన సాధనం. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే మిగతాదంతా తేలిక.

ఇది ఎక్కడ పుట్టిందో కాస్త తెలుసుకుందాం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ అనే పట్టణం ఉంది. అక్కడ జాన్ హామెస్ అనే ఆర్కిటెక్టు 1927లో దీన్ని తయారుచేశాడు. 1935లో పేటెంటు వచ్చింది. 1938లో ఇన్‌సింకరేటర్ అనే పేరుతో కంపెనీ పెట్టాడు. అక్కడివారు దీన్ని గార్బేజ్ డిస్పోజల్ అనీ, డిస్పోజర్ అనీ అంటారు. అయితే పుట్టిన దేశంలో కూడా అన్ని ఊళ్లూ దీన్ని ఒకే రకంగా ఆదరించలేదు. న్యూయార్కు నగరంలో వాననీరు, మురుగునీరు ఒకే కాలువలో పోయే పాత ప్రాంతాలలో దీన్ని 1970లలో నిషేధించారు. కొన్ని ఇళ్లలో ప్రయోగంగా పెట్టి పరీక్షించిన తరువాత 1997లో గాని ఆ నిషేధం తీసివేయలేదు. దీనివలన మనకు తెలిసేదేమిటి? యంత్రం మంచిదా కాదా అనేది యంత్రాన్నిబట్టే కాదు, దాని అవతలి కొసన ఉన్న కాలువనుబట్టి కూడా ఉంటుంది. సింకు రంధ్రంలో పడ్డది మాయమైపోదు. మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

ఇక ఇది పనిచేసే తీరు. చాలామంది దీన్ని మిక్సీ అనుకుంటారు. లోపల కత్తులున్నాయనుకుంటారు. అది పొరపాటు. సింకు కింద కూజా అంత డబ్బా ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని అడుగున మోటారు, మోటారు మీద గుండ్రటి ఉక్కు పళ్లెం ఉంటాయి. ఆ పళ్లెం మీద అటూ ఇటూ కదిలే రెండు మూడు ఇనుప ముక్కలుంటాయి. పళ్లెం గిర్రున తిరిగినప్పుడు తిండి ముక్కలు అంచుకు విసరబడతాయి. అంచున చుట్టూ గరుకైన కడియం కదలకుండా ఉంటుంది. ఇనుప ముక్కలు తిండిని ఆ కడియానికేసి రాపిడి చేస్తాయి. మన తిరగలిలో ఒక రాయి నిలిచి ఉండి ఇంకో రాయి తిరిగినట్లే, ఇక్కడ ఒకటి నిలిచి ఉంటుంది, ఒకటి తిరుగుతుంది. సన్నగా నలిగినది నీళ్లతోపాటు కిందికి జారి గొట్టంలోకి పోతుంది. సాధారణమైన మోటారు నిమిషానికి సుమారు 1,725 చుట్లు తిరుగుతుంది. కత్తులు లేవు కదా అని ధైర్యం చేయరాదు. ఆ వేగంలో ఇనుప ముక్క తగిలితే వేలు చితికిపోతుంది.

తిరగలి తీరు తెలిసింది గనుక వాడే క్రమం కూడా తేలిగ్గా తెలుస్తుంది. మొదట చన్నీళ్ల కుళాయి బాగా తిప్పాలి. తరువాత స్విచ్చి వేయాలి. ఆ తరువాత తిండిముక్కలు కొద్దికొద్దిగా వేయాలి. ముందే డబ్బా నిండా కూరి తరువాత స్విచ్చి వేయకూడదు. నలిగే చప్పుడు ఆగి, మోటారు ఒట్టిగా తిరిగే చప్పుడు వచ్చాక స్విచ్చి ఆపాలి. నీళ్లు మాత్రం ఇంకో పదిహేను, ఇరవై సెకన్లు పోనివ్వాలి. డబ్బాలో నలిగినది పెద్ద గొట్టం దాకా చేరాలంటే ఆ నీళ్లు కావాలి. మన ఊళ్లో నీళ్లు పొదుపు చేసే అలవాటుతో కుళాయి సన్నగా తిప్పితే ఇక్కడ అసలుకే మోసం వస్తుంది. ఆ నీటిని ఆదా చేయదలిస్తే యంత్రాన్ని రోజుకు ఒక్కసారి వాడండి, కాని వాడినప్పుడు నిండుగా నీళ్లు పోయండి.

వేడినీళ్లు మంచివి కావా అని మా అమ్మలు అడుగుతారు. అంట్లు తోమడానికి మంచివే. యంత్రం తిరిగేటప్పుడు మాత్రం చన్నీళ్లే పోయాలి. వేడినీళ్లకు నెయ్యి, కొవ్వు కరిగి గొట్టంలోకి పోతాయి. నాలుగడుగులు పోయేసరికి నీళ్లు చల్లారి, కొవ్వు గొట్టం లోపలి గోడకు పేరుకుంటుంది. చన్నీళ్లయితే పళ్లేనికి అంటిన ఆ కాస్త కొవ్వు గట్టిగానే ఉండి, ముక్కలై కొట్టుకుపోతుంది.

ఏమి వేయకూడదో చెప్పే కాగితం యంత్రంతోపాటు వస్తుంది. కాని అది అమెరికా వంటింటికి రాసిన కాగితం. అందులో సెలరీ కాడలుంటాయి, మొక్కజొన్న పొట్టు ఉంటుంది. మన వంటింటి సంగతి అందులో ఉండదు. కనుక మన జాబితా మనమే రాసుకోవాలి.

మొదటిది పీచు. మునక్కాడ నమిలిన పిప్పి, గోంగూర కాడలు, కొత్తిమీర కాడలు, కరివేపాకు రెబ్బల ఈనెలు, ఉల్లిపొట్టు, అరటి తొక్క, కొబ్బరి పీచు. ఇవి నలగవు. తాడులాగా పేనుకొని తిరిగే పళ్లేనికి చుట్టుకుంటాయి.

రెండవది గింజ, టెంక, ఎముక. చింతపిక్కలు, మామిడి టెంకలు, పాయాలోని నల్లీ ఎముకలు. చింతపిక్క ఎంత గట్టిదో మనకు చిన్నప్పటినుంచి తెలిసినదే. అది సరిగ్గా పళ్లేనికీ కడియానికీ మధ్య ఇరుక్కున్నదంటే మోటారు నిలిచిపోతుంది. చారుకు పిసికిన చింతపండు పిప్పిలో పీచూ ఉంటుంది, పిక్కా ఉంటుంది. అందుకని దాన్ని సింకువైపుకే పోనివ్వవద్దు.

మూడవది ఉబ్బేవి. అన్నం, బిర్యానీ, సేమియా, రొట్టె పిండి. రెండు మెతుకులు పోతే ఏమీ కాదు. గిన్నెడు అన్నం వేస్తే యంత్రం దాన్ని చక్కగానే నలుపుతుంది, చిక్కంతా ఆ తరువాత వస్తుంది. నలిగిన అన్నం గంజి జిగురై, సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో కూర్చుంటుంది. టీ పొడి మడ్డి దానికి తోడైతే సున్నం వేసి గోడ కట్టినట్లే.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. నూనె, నెయ్యి, డాల్డా, మాంసపు కొవ్వు. ఇవి యంత్రానికి కాదు, కాలువకే శత్రువులు. 2017లో లండన్ నగరంలో వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో కొవ్వూ, తడి తుడుపు గుడ్డలూ కలిసి రాయిలా గట్టిపడిన ఒక ముద్ద బయటపడింది. దాని పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. మనుషులు దిగి వారాల తరబడి తవ్వి తీయవలసి వచ్చింది. దానిలో ఒక ముక్కను 2018లో మ్యూజియంలో కూడా పెట్టి చూపించారు. అంత కొవ్వు ఏ ఒక్క ఇంటిదీ కాదు. ప్రతి ఇల్లూ ఒక గరిటెడే పోసి ఉంటుంది. బక్రీద్ నాడు, వలీమా దావత్‌నాడు మన ఇళ్లలో దేగిశాల అడుగున ఎంత కొవ్వు మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. దాన్ని చల్లారనిచ్చి, గీకి, ఖాళీ డబ్బాలో వేసి మూతపెట్టి చెత్తలో పారవేయాలి. గిన్నెను కాగితంతో తుడిచిన తరువాతే సింకులో పెట్టాలి.

అయితే ఇక వేయదగినవేమిటని అడుగుతారా? పళ్లెం మీద మిగిలిన కూర తునకలు, మెత్తని కూరగాయల ముక్కలు, మెత్తని పండ్ల ముక్కలు, పప్పు జాడలు. ఇవన్నీ కలిపి ఒక గుప్పెడు. ఆ గుప్పెడుకే ఈ యంత్రం.

ఇప్పుడు చేతుల సంగతి. ఇది శ్రద్ధగా వినండి.

మేము విన్న ఒక ఇంటి సంగతి చెబుతాం. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోయారు. పెద్దావిడ ఒక్కతే ఇంట్లో ఉంది. సింకులో చింతపండు పిప్పి పడింది. దీపం అనుకొని గోడమీద స్విచ్చి నొక్కితే సింకు కింద గుర్రుమన్నది. అక్కడి ఇళ్లలో దీపం స్విచ్చి పక్కనే దీని స్విచ్చి ఉండడం మామూలే. పిక్క అడ్డుపడి చప్పుడు మూలుగుగా మారింది. ఆవిడ కంగారుపడి, స్విచ్చి ఆపకుండానే, అడ్డుపడ్డది తీయాలని చెయ్యి లోపలికి పెట్టబోయింది. సమయానికి స్కూలునుంచి వచ్చిన మనవడు "దాదీమా, వద్దు!" అని అరిచి స్విచ్చి ఆపాడు. చెయ్యి దక్కింది. కాని ఆవిడ సాయంత్రందాకా ఎవరికీ ఫోను చేయలేదు. అన్నం తినలేదు. కోడలు ఇంటికి వచ్చి అత్తగారి ముఖం చూసి, ఊళ్లో ఎవరికో ఏదో జరిగిందనుకున్నది. సంగతి తెలిశాక ఆ పిల్ల అన్న మాట ఇది: "తప్పు మీది కాదు అమ్మీ. వచ్చిన రోజే మేము చెప్పి ఉండవలసింది."

ఆ కోడలు అన్న మాట అన్ని ఇళ్లకూ పనికివచ్చేది. అందుకని చేయవలసినది వరుసగా చెబుతున్నాం. యంత్రం మూలుగుతూ తిరగకపోతే వెంటనే స్విచ్చి ఆపండి. సింకు కింద ప్లగ్గు ఉంటే ఊడదీయండి, లేకపోతే కరెంటు పెట్టెలో దాని మీట దించండి. టార్చిలైటు వేసి పైనుంచి చూడండి. కనబడిన వస్తువును పట్టకారుతో తీయండి, చేతితో కాదు. కరెంటు తీసివేసినా సరే, చెయ్యి మాత్రం పెట్టవద్దు. ఏమీ కనబడకపోతే డబ్బా అడుగున మధ్యలో ఒక రంధ్రం ఉందేమో చూడండి. ఆరు పలకల పావు అంగుళం చువ్వ ఒకటి, ఎలెన్ కీ అంటారు, దాన్ని అందులో పెట్టి కుడికీ ఎడమకూ తిప్పితే ఇరుక్కున్నది వదులుతుంది. ఆ రంధ్రం లేని రకాలలో, కరెంటు తీసివేసిన తరువాత, పైనుంచి చీపురు కర్రలాంటి చెక్క కర్రతో పళ్లేన్ని నెట్టి తిప్పవచ్చు. తరువాత పది నిమిషాలు చల్లారనివ్వండి. డబ్బా అడుగున చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి, కరెంటు ఇచ్చి, నీళ్లు వదిలి, స్విచ్చి వేయండి. చాలాసార్లు ప్లంబరు అవసరమే ఉండదు.

చప్పుడునుబట్టి జబ్బు తెలుసుకోవచ్చు. మూలిగితే ఏదో ఇరుక్కున్నది. అసలు చప్పుడే లేకపోతే ఎర్ర బొత్తామో కరెంటు మీటో పడిపోయింది. గలగలమంటే చెమ్చానో గాజు ముక్కో పడింది. ఉంగరం, ముక్కుపుడక పడితే అయస్కాంతంతో వెతకవద్దు, అది బంగారాన్ని పట్టదు. పట్టకారే దిక్కు. నీరు నిలిచిపోయిందని గొట్టాలు శుభ్రంచేసే ఘాటైన మందు పోయవద్దు. అది యంత్రం లోపలి భాగాలను తినేస్తుంది, విప్పడానికి వచ్చినవారి కళ్లలో చింది ప్రమాదం కూడా. డబ్బా అడుగునుంచి నీరు కారుతుంటే లోపలి సీలు పోయినట్లే. అప్పుడు మరమ్మతుకన్నా యంత్రాన్నే మార్చడం మేలు. అద్దె ఇల్లయితే ఇంటివారికి ముందుగానే తెలపాలి.

పసిపిల్లలున్న ఇంట్లో ఇంకొక రకం మంచిది. దానికి మూత పెట్టి తిప్పితేగాని మోటారు తిరగదు. మూత వేసి ఉన్నప్పుడు చెయ్యి లోపలికి పోయే దారే లేదు. కొత్తగా పెట్టించుకునేవారు దాన్ని ఆలోచించాలి. ఇంకొక మాట. చెక్కతో కట్టిన అపార్టుమెంటులో ఈ చప్పుడు కింది ఇంటికి బాగా వినిపిస్తుంది. రంజాన్‌లో సహరీ వేళ అంట్లు తోమి యంత్రం వేస్తే పొరుగువారికి నిద్రాభంగం. తెల్లవారిన తరువాత వేసుకోవచ్చు.

శుభ్రం సంగతి. వాసన వస్తుంటే సాధారణంగా దోషం సింకు నోటి దగ్గరి రబ్బరు రెక్కలది. వాటి కిందివైపు జిడ్డు పేరుకుంటుంది. కరెంటు తీసివేసి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి ఆ అడుగువైపు రుద్దాలి. వారానికొకసారి గుప్పెడు ఐసు ముక్కలూ, కాస్త కళ్లుప్పూ వేసి, చన్నీళ్లతో తిప్పితే గోడలకంటినది రాలిపోతుంది. పిండేసిన నిమ్మచెక్కను చిన్న ముక్కలుగా కోసి వేస్తే వాసన పోతుంది. చాలా ఇళ్లలో డిష్‌వాషర్ నీరు కూడా దీనిగుండానే పోతుంది. కనుక డిష్‌వాషర్ వేసేముందు దీన్ని ఒకసారి తిప్పి ఖాళీ చేయాలి.

అక్కడ అందరి ఇళ్లూ ఊరి కాలువకు కలిసి ఉండవు. సుమారు ఐదిళ్లలో ఒకదానికి సెప్టిక్ ట్యాంకే ఉంటుంది. అటువంటి ఇంట్లో ఈ యంత్రం ఎక్కువగా వాడితే ట్యాంకు తొందరగా నిండుతుంది. కొన్ని చోట్ల ఆహారపు చెత్తను వేరే బుట్టలో వేయాలని చట్టమే చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో, వెర్మాంటు రాష్ట్రంలో 2020లో, కాలిఫోర్నియా అంతటా 2022లో అటువంటి నియమాలు అమలులోకి వచ్చాయి. ఆ బుట్టలోనిది ఎరువవుతుంది. అలాంటి ఊళ్లో తొక్కలూ కాడలూ ఆ బుట్టకే చెందాలి.

మరి మన ఊరికి ఒకటి తెచ్చుకుందామా అని అడిగేవారున్నారు. అక్కడినుంచి సూట్‌కేసులో మోసుకు రావద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోతుంది. మన కరెంటుకు సరిపోయేవి ఇక్కడా అమ్ముతున్నారు గాని, సింకు నీరు సన్న గొట్టంగుండా వీధి కాలువలోకి పోయే ఇంటికి అది తగదు. 2016 నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నాయి. కూరగాయల తొక్కలు వేరుగా ఒక బుట్టలో వేయడం మనకు కొత్తేమీ కాదు. ఇంటి మేకకు తొక్కలు, కోళ్లకు మెతుకులు వేసిన చేతులే ఇవి.

ఇక ముగిస్తాం. పెద్దలకు మా మనవి: పిల్లల ఇంటికి వెళ్లిన మొదటి రోజే "బేటా, ఈ సింకు సంగతేమిటో చూపించు" అని అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. పిల్లలకు మా మనవి: అమ్మానాన్నలు వచ్చిన రోజే స్విచ్చి ఎక్కడుందో, ఎర్ర బొత్తాం ఎక్కడుందో పక్కన నిలబడి ఒకసారి చేసి చూపించండి. స్విచ్చి మీద తెలుగులోనో ఉర్దూలోనో చిన్న చీటీ అంటించండి. ఇరుక్కుంటే ఏ వేళనైనా ఫోను చేయమనండి. గొట్టం బాగుచేయించుకోవచ్చు. దెబ్బతిన్న వేలు, నొచ్చుకున్న పెద్దల మనసు అంత తేలికగా బాగుపడవు.

చివరి మాట. యంత్రం ఎంత మంచిదైనా, పళ్లెంలో మిగిల్చిన తిండి వ్యర్థం వ్యర్థమే. ఇస్రాఫ్ కూడదని మన పెద్దలు చెప్పినది ఆ సింకు ముందు కూడా వర్తిస్తుంది. కొలతగా వండి, తినేంతే వడ్డించుకున్న ఇంట్లో ఈ యంత్రానికి పనే తక్కువ. పని తక్కువైన యంత్రం పది కాలాలు మన్నుతుంది.